ఎనిమిదో మునక

ఇరవై మూడు రోజులుగా గోపభద్రుడు మూగవాడు. పుట్టుకతో కాదు, కావాలని. నోరు తెరిస్తే కొండయాస బయటపడుతుంది. యాస బయటపడితే వచ్చిన పని చెడుతుంది. అందుకని ధూమ్రకోట వంటశాలలో సైగలతో, తలాడింపులతో రోజులు నెట్టుకొస్తున్నాడు. మూగవేషానికేముంది, ఎవరైనా వెయ్యొచ్చు అనుకునేవాళ్ళు ఒక్క పూట వేసి చూడాలి. కాలి మీద మరిగే గంజి ఒలికినా "అబ్బా" అనడానికి లేదు. తుమ్మొస్తే తుమ్మవచ్చు, తుమ్మాక "రామ" అనకూడదు. అయినా గోపభద్రుణ్ణి కుంగదీసింది అది కాదు. రోజంతా దిగమింగుకున్న మాటల్ని రేపో మాపో చెప్పుకోవడానికి ఒక్క మనిషి ఉన్నా అతడు ఓర్చుకునేవాడు. ఆ ఒక్క మనిషి ఆ కోటలోనే ఉంది. ఎక్కడుందో, ఏ రాయై ఉందో మాత్రం తెలియదు.

ధూమ్రకోట చూడడానికి ఇంద్రభవనమే. నల్లరాతి బురుజులు, బురుజు బురుజుకూ నెమలికంఠం రంగు పతాకాలు, లోపల అద్దంలా నునుపు తేలిన పాలరాతి మంటపాలు, మంటపాల నడుమ పొగడచెట్ల వరుసలు, కొలనుల్లో నీలికలువలు. నేల మీద రాలిన పొగడపూలు తొక్కకుండా నడవాలంటే నడవలేం. ఇంత శోభా ఉండి ఏం లాభం? ఆ చెట్ల మీద ఒక్క పిట్ట వాలదు. ఆ మంటపాల్లో ఒక్క నవ్వు వినబడదు. ఎవరికి వారు తమ పని చేసుకుని, ఎవరి గిన్నె వారు కడుక్కుని, ఎవరి మూల వారు చేరుకుంటారు.

ఆ కోటకు యజమాని క్షారకేతుడనే మాంత్రికుడు. ఆయనగారి ఇంట్లో పొడి ఉప్పన్నది మచ్చుకైనా లేదు. అంతా రాతి ఉప్పే, అదీ రుబ్బురోలంత గడ్డలు. లేత గులాబీ రంగు, మధ్యలో తెల్లని చారలు. ఒకదాన్ని పలకలా చదును చేసి నిప్పుల మీద పెట్టి దానిపై చేపలు కాలుస్తారు. ఒకదాన్ని తొలిచి లోపల దీపం పెడితే మాంత్రికుడి పడకటింట్లో దానిమ్మగింజ రంగు వెలుగు పరుచుకుంటుంది. గుర్రపుసాలలో నాలుగున్నాయి, గుర్రాలు నాకడానికి. స్నానాలగదిలో రెండున్నాయి, అయ్యవారు పాదాలు ఆనించుకోవడానికి. ఊరగాయ జాడీల మీద బరువుకు మూడు. మాంసం చెడకుండా కొట్టుగదిలో గోడవారగా పేర్చినవి మరికొన్ని. వంటశాలలో పొయ్యికి పైన దూలం నుంచి తోలుతాడుతో వేలాడేది ఒకటి. పులుసు మరిగేటప్పుడు దాన్ని దించి, కుండలో ముంచి, మళ్ళీ పైకి లాగి కట్టేస్తారు.

ఆ రాళ్ళన్నీ మనుషులు.

సైంధవగిరి రాజ్యంలో లవణకోన అని చిన్న ఊరుంది. పదకొండు ఇళ్ళు, నలభై ఒక్క ప్రాణం. కొండ తొలిచి ఉప్పు తీయడమే వాళ్ళ బతుకు. రెండు నెలల కిందట గోపభద్రుడు గాడిదల మీద ఉప్పు వేసుకుని పల్లపు దేశాలకు వెళ్ళి, పది రోజులకు తిరిగొచ్చేసరికి ఊళ్ళో పొయ్యిలన్నీ చల్లారి ఉన్నాయి. మాంచి మధ్యాహ్నపు వేళ అరుగుల మీద ఎవరూ లేరు. తమ ఇంటి తలుపు తీసే ఉంది, అక్క మాచాంబ లేదు. విస్తట్లో కూడు ఎండిపోయి ఉంది. తల్లీతండ్రీ ఉప్పుగని విరిగిపడి పోయిననాడు గోపభద్రుడికి నాలుగేళ్ళు, మాచాంబకు పదమూడు. అప్పటినుంచి ఆ ఇంట్లో ఉన్నది వాళ్ళిద్దరే. అక్క లేని ఇంటి గుమ్మంలో అతడు సాయంత్రం దాకా గాడిదల బరువు దించడం కూడా మరిచిపోయి కూర్చున్నాడు.

కొండపైన గుహలో ఉండే జడల అవ్వ చెబితేనే సంగతి తెలిసింది. క్షారకేతుడు గాజులమ్మేవాడి వేషంలో వచ్చి మాచాంబ ఇంట భోంచేశాడు. లేచి చెయ్యి కడిగి, ఆ నీళ్ళే మంత్రించి ఊరి మీద చిలకరించాడు. నలభై మంది నలభై ఉప్పురాళ్ళయ్యారు. బండ్ల మీద వేసుకుని పోయాడు. మనిషి ఉప్పు తింటే వాడికి ముసలితనం రాదట.

"బిడ్డా, ఇను," అంది అవ్వ. "మన ఊరి తియ్యబుగ్గ ఊటకాడికి తెచ్చి ఆ నీళ్ళు పోస్తే ఆ రాయి మళ్ళ మనిషైతాది. ఇంక యే నీళ్ళు పడినా కరిగిపోతాది. వాడు మీ ఇంట కూడు తిన్యాడు. ఆ ఇంటోడు ఎదురుగా నిలబడి అడిగితే వాడు ఒక రాయి ఇడవాల్సిందే, లేకుంటే మంత్రం వానికే తగుల్తాది. ఒకటే రాయి సుమా! ముందు మీ అక్క యాడుందో కనుక్కో. కనుక్కున్నాకే నోరు ఇప్పు."

అందుకే ఈ మూగవేషం. ఇరవై మూడు రోజులు ఊడుస్తూ, తుడుస్తూ, బరువులు మోస్తూ గోపభద్రుడు ఇల్లంతా గాలించాడు. ఎవరూ చూడనప్పుడు ప్రతి రాయినీ తడిమాడు, వేలి కణుపుతో తట్టాడు, చెవి ఆనించి విన్నాడు. ఉప్పు కోసేవాడి చేతికి ఉప్పు సంగతి తెలుస్తుంది గాని, ఉప్పులో ఉన్న మనిషి ఎవరో ఎలా తెలుస్తుంది? నలభైలో ముప్ఫై ఒకటే మిగిలాయి. తక్కినవి పులుసుల్లో, గుర్రాల నాలుకల మీద కరిగిపోయాయి. ఆ తొమ్మిదిట్లో అక్క ఉందేమోనన్న అనుమానం వచ్చినప్పుడల్లా అతడు కట్టెలు కొట్టేవాడు. వంటశాలకు కావలసినదానికి నాలుగింతల కట్టెలు పోగయ్యాయి.

ఆనాడు పొద్దుటినుంచి గాలి స్తంభించింది. పడమట మబ్బు లేస్తోంది. వంటశాల పెత్తనం చేసే కుంభిని పేరుకు తగ్గ మనిషి. వయసెంతో ఆవిడకే తెలియదు. ఆవిడ నోటికి మాత్రం విశ్రాంతి లేదు. ఎదురుగా ఉన్నవాడు మూగవాడైతే మరీ సుఖం, మధ్యలో అడ్డు రాడు. అరిసెల పాకం చెయ్యి మీద పడి ఆనాడు ఆవిడ కుడిచెయ్యి బొబ్బలెక్కింది.

"ఓరి మూగాడా! ఇలా రా. ఇన్నాళ్ళూ ఈ రాయి ఒకళ్ళ చేతికి ఇచ్చి ఎరగను. ఇవాళ నా చెయ్యి కాలి చచ్చింది. నువ్వే ముంచు. అయ్యవారు ఒకరు, శిష్యులు అయిదుగురు, నేనొకత్తెను. ఏడు మునకలు. ముంచడం, తీయడం. నానబెట్టుకుంటూ కూర్చున్నావంటే వీపు చీరేస్తాను, తెలిసిందా?"

గోపభద్రుడు తలాడించాడు. తాడు విప్పి రాయిని దించాడు. రుబ్బురోలంత రాయి కరిగి కరిగి కొబ్బరికాయంతే మిగిలింది. ఎవరిది? వాగు దగ్గర ఈత నేర్పిన మామా? పెళ్ళయి ఏడాది తిరగని పక్కింటి పిల్లా? అక్కా? ముంచకపోతే దొరికిపోతాడు. ముంచితే తన ఊరి మనిషిని తన చేత్తోనే కరిగిస్తాడు. కుంభిని కళ్ళు తన మీదే ఉన్నాయి. పళ్ళు బిగించి, రెప్ప వేసినంతసేపు మాత్రమే ముంచి తీస్తూ లెక్కపెట్టాడు. ఒకటి. రెండు. మూడు.

లవణకోనలో కూడా వంట ఇలాగే. అక్కడ ఉప్పు దంచడం ఎవరూ ఎరగరు. ప్రతి ఇంట్లో పొయ్యిపైన ఒక పెద్ద గడ్డ వేలాడుతుంది. ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని మునకలు వేస్తారు. ఊరికి వెళ్ళిన మనిషి ఉంటే ఆ మనిషి పేరు మీద ఆఖర్న ఇంకొకటి వేస్తారు. కూర కాస్త ఉప్పనైనా ఫరవాలేదు, దారిలో ఉన్నవాడి వంతు తప్పకూడదు. "రోజూ నీ మునక ఏసినా రా, నువ్వు రాక నా నాలుక పాడైపోయింది," అని మాచాంబ ప్రతిసారీ తమ్ముణ్ణి వేళాకోళం చేసేది.

ఆరు. ఏడు. పులుసు ఆవిరి ముఖానికి కొట్టింది. అక్క వంటింటి వాసనే. ఆవిరి వల్లో మరెందువల్లో కళ్ళు మసకబారాయి. ఏడైపోయిందని అతడికి తెలుసు. చేతికి తెలియలేదు. ఇంట లేని మనిషి పేరు మీద చెయ్యి దానంతటదే మళ్ళీ దిగి, రాయిని పులుసులో ముంచి తీసింది.

"ఏడన్నానా! ఎనిమిదోది ఎవడి కోసంరా, మీ తాత కోసమా?" అని కుంభిని అరిచింది. గోపభద్రుడు వేళ్ళు చూపించి, తల గోక్కుని, లెక్క రానట్టు వెర్రినవ్వు నవ్వాడు. కుంభిని తిట్టుకుంటూ కుండ దించింది. అంతటితో పోయేదే. కాని ఆవిడ నోరు ఊరుకుంటుందా?

పొగడతోట పక్కన, పెద్ద ముంగిట్లో మైనం పూసిన పట్టుగుడ్డ పందిరి కింద మాంత్రికుడు భోజనానికి కూర్చున్నాడు. పక్కన నిప్పుల కుంపటి, కుంపటి మీద ఉప్పుపలక, పలక మీద చిటపటలాడే చేపలు. చూస్తే పాతికేళ్ళ యువకుడిలా ఉంటాడు. కళ్ళు మాత్రం వెయ్యేళ్ళవి. మొదటి ముద్ద నోట పెట్టి, "ఉప్పు పెరిగింది," అన్నాడు.

"ఆ మూగవెధవ పనే, అయ్యా! ఏడు ముంచమంటే ఎనిమిది ముంచాడు. వాడికి లెక్కలు రావు."

రెండో ముద్ద పెదాల దగ్గరే ఆగింది. క్షారకేతుడు ముద్దను మెల్లగా విస్తట్లో పెట్టి గోపభద్రుడి వైపు తిరిగాడు.

"లెక్క రాకపోతే ఆరు ముంచుతాడు, పది ముంచుతాడు. సరిగ్గా ఒకటి ఎక్కువ ముంచాడంటే... లవణకోనలో నాకు వడ్డించిన గడుసుపిల్ల కూడా ఇలాగే ముంచింది. నాకొకటి, తనకొకటి. మూడోది ఎవరికమ్మా అంటే, 'మా తమ్ముడు దారిలో ఉన్నాడు' అంది." మాంత్రికుడి పెదాల మీద నవ్వు పాకింది. "దారిలో ఉన్న తమ్ముడూ, ఇల్లు చేరావన్నమాట!"

ఇనప గుగ్గిళ్ళలాంటి పదిమంది భటులు చుట్టూ మూగారు. ఇంకా అక్క జాడ తెలియనే లేదు! ఒక్క అవకాశం, అదీ ముందే వచ్చి మీద పడింది. ఇక దాగుడుమూతలు అనవసరం.

"ఔ, నేనే!" అన్నాడు. ఇరవై మూడు రోజుల తర్వాత బయటికొచ్చిన మాట గరగరలాడింది. "మా ఇంట కూడు తిన్యావు. రాయి ఇడు."

"నియమం నాకూ తెలుసు నాయనా. ఒక్కటి ఇస్తాను." మాంత్రికుడు ఆకాశం కేసి చూశాడు. మబ్బు సగం దూరం వచ్చింది. "ఒరే! ఇంట్లో ఉన్న గడ్డలన్నీ ఎత్తుకురండి. వేడి పలకనూ ఊడదీయండి. బండిలో వేసి ఇతగాడి ముందు నిలపండి. చినుకు పడేలోగా ఎంచుకోవాలి. తప్పు ఎంచుకుంటే నా తప్పు లేదు."

చిటికెలో పని అయింది. గుర్రాలు నాకి గుంటలు పడినవి, పాదాలు రాసి రాసి నునుపెక్కినవి, మసిబారిన పలక, దీపపు జిడ్డు అంటిన రాయి, అన్నీ పందిరి వారన నిలిపిన ఎద్దుల బండిలోకి చేరాయి. పులుసు తడి ఆరని కొబ్బరికాయంత గడ్డ వాటి మీద పెట్టారు. ముప్ఫై ఒకటి. గోపభద్రుడు బండి చుట్టూ తిరిగాడు. ఒకసారి, రెండుసార్లు. ఇంత దగ్గరలో ఉండి అక్కను గుర్తుపట్టలేకపోతున్నానే అని అతడికి తన మీద తనకే అసహ్యం వేసింది. ఇక ఏడుపు ఆగలేదు.

"అక్కా!" అని గొంతెత్తి పిలిచాడు. "నేనొచ్చినానే అక్కా! యాడున్నావే?"

ఒక రాయి చెమర్చింది. గులాబీ రంగు ఒంటి మీద సన్నగా తడి పుట్టి మెరిసింది. గోపభద్రుడు ఆనందంతో చెయ్యి చాపబోయి ఆగిపోయాడు. దాని పక్క రాయి కూడా చెమర్చింది. అవతలదీ, కిందదీ. మొత్తం పదకొండు రాళ్ళు. ఉన్నట్టుండి అతడికి అర్థమైంది. లవణకోనలో అతడు అక్కా అని పిలిచింది మాచాంబ ఒక్కదాన్నేనా? కాలిలో ముల్లు తీసిన చెల్లవ్వక్క, జ్వరమొస్తే కషాయం పోసిన నాగులక్క, పండుగనాడు తల అంటిన అక్కలు ఎంతమంది! "మామా," అన్నాడు. అయిదు రాళ్ళు చెమర్చాయి. "అత్తా. తాతా. తమ్ముడూ." పిలిచిన కొద్దీ పలికాయి. పిలుపు ఆగేసరికి బండిలో తడవని రాయి లేదు.

"వినోదం చాలు. ఒకటి తీసుకో," అన్నాడు మాంత్రికుడు.

ఆ ఒక్కటి ఏదో తెలిసినా గోపభద్రుడు ఇప్పుడు తీసుకునేవాడు కాదు. అతడి చూపు బండిని వదిలి పందిరి కింద పడింది. పోపుకోసం కుంభిని తెచ్చుకున్న తట్టెడు ఎండుమిరపకాయలు కుంపటి పక్కనే ఉన్నాయి. మబ్బు ముందు నడిచే గాలి అప్పుడే మొదలైంది, అతడి వీపు వైపు నుంచి. ఒక్క దూకు దూకి తట్టను కుంపట్లో బోర్లించాడు.

భగ్గుమని పొగ లేచి, గాలి తోడై, భటుల మీదా మాంత్రికుడి మీదా విరుచుకుపడింది. ఇక చూడాలి! మహామాంత్రికుడు మంత్రం మొదటి అక్షరం అందుకుని ఖళ్ళుఖళ్ళుమన్నాడు, రెండోది అందుకుని తుమ్మాడు, మూడోది అందుకుని కళ్ళు నులుముకుంటూ విస్తట్లో కూలబడ్డాడు. భటులు కత్తులు పారేసి ముక్కులు పట్టుకున్నారు. "ఓరి మూగముండాకొడకా, నీకు నోరుందిరా!" అని కుంభిని దగ్గుల మధ్య అరుస్తూనే ఉంది. గోపభద్రుడు పడిన కత్తి ఒకటి అందుకుని పందిరి తాళ్ళు తెగనరికాడు. మైనపుగుడ్డ జారి బండి మీద పడింది. దాన్ని రాళ్ళ కిందికంటా దోపి, నొగ మీదికి ఎగిరి, ఎద్దుల తోకలు మెలిపెట్టాడు. ఎద్దులు రెండూ ప్రాణభయంతో పరుగందుకున్నాయి. కట్టెల బండ్ల కోసం తెరిచిన కోటద్వారం మూయడానికి ఒక కావలివాడు పరుగెత్తాడు గాని, రెండో రెక్క మూసేలోగా బండి మొదటి రెక్కను గుద్దుకుని, ఒక చీల ఎగరగొట్టుకుని, దాటిపోయింది.

టపటపమని చినుకులు మొదలయ్యాయి. మైనపుగుడ్డ మీద నీళ్ళు జారిపోతున్నాయి. గోపభద్రుడు తడిసి ముద్దవుతూ వెనక్కి తిరిగి మాట్లాడుతూనే ఉన్నాడు. ఎవరూ జవాబు చెప్పరని తెలుసు. అయినా ఆపలేకపోయాడు. గాడిదకు కాలు బెణికిన సంగతి చెప్పాడు, అత్త ఇంటి పైకప్పు గాలికి లేచిపోయిందని చెప్పాడు, మీరెవరూ లేకుండా ఆ ఊళ్ళో ఒక్క రాత్రి పడుకోలేకపోయానని చెప్పాడు. తొమ్మిదిమంది లేరని మాత్రం చెప్పలేదు. ఆ తొమ్మిదిమందీ ఎవరో అతడికీ తెలియదు.

కోసెడు దూరంలో పాండునది ఉంది. దాని మీద కొయ్యవంతెన. అది దాటితే అవతల అడవి, అడవి దాటితే సైంధవగిరి పొలిమేర. వంతెన నూరు బారల దూరంలో ఉందనగా వెనక కోట బురుజు మీదనుంచి పిడుగులాంటి కేక వినిపించింది. మాంత్రికుడి గొంతు సర్దుకుంది. గోపభద్రుడి కళ్ళెదుటే వంతెన దూలాలు తాళ్ళు తెగిన నిచ్చెనలా విడిపోయి ప్రవాహంలో కలిసిపోయాయి.

బండి ఒడ్డున ఆగింది. నది ఇంకా పొంగలేదు. నీళ్ళు గుండెల దాకా వస్తాయి. మనిషి దాటవచ్చు, ఎద్దులూ దాటవచ్చు. బండి నీళ్ళలో దిగితే మాత్రం మైనపుగుడ్డ ఆపలేదు, అడుగునుంచి నీళ్ళొచ్చి అందరూ కరిగిపోతారు. ఎగువ కొండల మీద వాన దట్టంగా కురుస్తోంది. ఘడియలో వరద దిగుతుంది. కోట నుంచి ఇరవైమంది రౌతులు ఇటే బయలుదేరారు.

ఒక్క రాయిని నెత్తిన పెట్టుకుంటే ఇప్పుడే దాటి అడవిలో కలిసిపోవచ్చు. అక్క ఏదో తెలిసుంటే ఆ ఆలోచన ఎంతసేపు నిలిచేదో చెప్పలేం. అతడు మనిషేగా. గోపభద్రుడు ఎద్దులను విప్పి అదిలించాడు. మైనపుగుడ్డ అంచు కత్తితో చింపి, మిగతాది మళ్ళీ జాగ్రత్తగా కప్పాడు. కప్పు కిందికి చెయ్యి పెట్టి, చూడకుండా, చేతికి అందిన రాయిని పైకి లాగి గుడ్డలో చుట్టి నెత్తికెత్తుకున్నాడు.

"ఎవురైతేనేం, కదలకుండా కుచ్చో," అన్నాడు. "తక్కినోళ్ళు భయపడగాకండి, ఒక్కొక్కర్నే దాటిస్తా. మళ్ళ వస్తా."

నీళ్ళు మోకాళ్ళు దాటి నడుముకెక్కాయి. అడుగున ఇసుక జారుతోంది. రెండు చేతులా రాయిని ఎత్తి పట్టుకుని అతడు అవతలి ఒడ్డు మీదే చూపు నిలిపి నడిచాడు. వెనక గుర్రాల డెక్కల చప్పుడు దగ్గరవుతోంది. బండిలో ఇంకా ముప్ఫైమంది ఉన్నారు.